నాలుగు పువ్వుల ఖాళీ

సువార్తమ్మగారిని ఎవరైనా ఏదైనా అడగడానికి వస్తే, ఆవిడ ముందు వాళ్ళ చేతులు రెండూ చాపమనేది. చాపిన చేతులకి దారం చిలప, వదులుగా చుట్టిన దారం కట్ట, తొడిగి, కొస అందుకుని తాపీగా ఉండ చుట్టడం మొదలుపెట్టి, "ఊఁ, ఇప్పుడు చెప్పు" అనేది. చిలప మొత్తం ఉండయ్యేసరికి గంట పట్టేది. చేతులు అలా కట్టుబడిపోయాక మనిషి ఊగలేదు, లేవలేదు, వేలెత్తి చూపించలేదు. కోపంతో వచ్చినవాళ్ళ కోపం సగం అక్కడే దిగిపోయేది. మిగతా సగానికి కూడా ఆవిడ జవాబంటూ చెప్పేది కాదు, ఎప్పుడో జరిగిన ముచ్చటొకటి చెప్పి పంపించేది. పెద్దమ్మగారి దగ్గరికి పేచీ పట్టుకెళ్తే పేచీ తీరినా తీరకపోయినా ఆవిడ దారం మాత్రం ఉండవుతుందని, ఆవిడింటి అరుగు మీద లేసు నేర్చుకున్న ఆడవాళ్ళంతా నవ్వుకునేవారు. దారం రీళ్ళకి చుట్టి వస్తున్న ఈ రోజుల్లో కూడా ఆవిడ వెతికి వెతికి చిలపలే తెప్పించుకునేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చేతులు చాపమంటుంది కదా.

ఒక మంగళవారం మధ్యాహ్నం, ఎండ ఇంకా వాలకముందే, సత్యవేణి వచ్చింది. ఆమెకి నలభై నాలుగేళ్ళు. ఐదో తరగతితో బడి మాన్పించి వాళ్ళమ్మ ఈ అరుగు మీద కూర్చోబెట్టేనాటికి పదేళ్ళు. పదిమందిలో నోరు విప్పని మనిషి. పెళ్ళికి వెళ్తే వంటలవైపు చేరి కూరలు తరుగుతూ కూర్చునే రకం. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట ఫోనులో 'మన లేసు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఏటికి ఇటువైపు ఊళ్ళూ అటువైపు లంకలూ కలిపి నూట ఎనభైమంది ఆడవాళ్ళు అందులో చేరారు. ఎదురుగా మొహాలు కనపడవన్న ధైర్యమేమో, గ్రూపులో సత్యవేణి గొంతు బాగానే పలికేది. చాలామందికి రాయడం రాదు గనుక మాటలన్నీ గొంతుతోనే పంపుకునేవారు. పొద్దున్నే ఫోను తెరిస్తే పోపు చప్పుడూ, కోడిపుంజు కూతా, వాటి వెనకాల ఎవరో లేసు లెక్కపెట్టుకుంటున్న గొణుగుడూ కలిసి వినపడేవి. సత్యవేణికి అది చిన్నప్పటి అరుగు మళ్ళీ దొరికినట్టుండేది.

గ్రూపన్నాక కట్టుబాటుండాలని ఆమె నోటుపుస్తకం కాగితం మీద నియమాలు రాసి, ఫొటో తీసి పెట్టింది. రోజూ పొద్దున్నే దేవుడి బొమ్మలు పంపకూడదు. చీరల బేరం పెట్టకూడదు. ఒకరి నమూనా ఇంకొకరు తమదని చెప్పుకోకూడదు. ఒకరి పనిని ఇంకొకరు ఎగతాళి చెయ్యకూడదు. మొదటి తప్పుకి హెచ్చరిక, రెండో తప్పుకి బయటికి. అలా ఇప్పటికి తొమ్మిదిమందిని తీసేసింది. తీసేసే ముందు గుండె దడదడలాడేది, తీసేశాక ఇల్లు ఊడ్చుకున్నంత హాయిగా ఉండేది. గ్రూపు శుభ్రంగానే ఉంది. కాకపోతే ఈమధ్య గింజ మిగలకుండా ఊడ్చిన కళ్ళంలా ఉంది, పిట్ట వాలడం లేదు. రోజుకి ఇరవై ఫొటోలు వచ్చే చోట రెండో మూడో వస్తున్నాయి.

ఇంతలో ఝాన్సీ గొడవ వచ్చిపడింది. ఝాన్సీది లంక. ఇరవై రెండేళ్ళ పిల్ల, పెళ్ళయి ఏడాది. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఒకసారి ఎవరి పనికో వంకపెట్టి హెచ్చరిక తిననే తింది. నాలుగురోజుల కిందట పల్లాలమ్మ అనే అరవై మూడేళ్ళావిడ, రెండేళ్ళుగా అందరివీ చూడ్డమే తప్ప తనది చూపించని మనిషి, మనవరాలి చేత ఫొటో తీయించి తన లేసు పువ్వొకటి పెట్టింది. పెట్టిన నిమిషంలో ఝాన్సీ గొంతు వచ్చింది.

"ఇది లేసా మామ్మా, రొయ్యల వలా?"

పదిహేనుమంది నవ్వు బొమ్మలు పెట్టారు. పల్లాలమ్మ ఫొటో తీసేసింది. మర్నాడు సత్యవేణి ఫోను చేస్తే ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తెలీక పెట్టాన్లే అమ్మా, ఇకమీదట చూడ్డం వరకే, అంది. సూదీ దారం పెట్టె అడుక్కి తోసేసిందని తరవాత మనవరాలు చెప్పింది.

అక్కణ్ణించి గ్రూపంతా భగ్గుమంది. మొదట నవ్వినవాళ్ళే ఆ తరవాత న్యాయం మాట్లాడ్డం మొదలుపెట్టారు. రెండో తప్పు కదా, ఎందుకు తియ్యలేదు, నియమం అందరికీ ఒకటి కాదా అని నిలదీశారు. మంగళవారం దీపాలవేళకి ఝాన్సీని తీసెయ్యకపోతే తామే పోతామని కొందరు గడువు పెట్టారు. ఝాన్సీని అడిగితే, ఉన్నమాటే అన్నాను, తీసేస్తే తీసెయ్యండి అంది. సత్యవేణికి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. తీసెయ్యాలనే మనసులో తేల్చుకుంది గానీ, పెద్దమ్మగారి చేత ఒక్కసారి సరేననిపించుకుంటే బరువు దిగుతుందని ఫోను పట్టుకుని వచ్చింది.

సువార్తమ్మగారు అరుగు మీద గోడకి జారగిలి కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చూపు మందగించింది గానీ వేళ్ళు ఇంకా మందగించలేదు. ముందు ఇత్తడి పళ్ళెంలో చేతులు కడుక్కోమంది. తెల్లదారం ముట్టుకునేముందు చేతులు కడుక్కోవడం ఆ అరుగు మీద మొదటి పాఠం. కడుక్కుని తుడుచుకునేలోపే చిలప మణికట్ల మీదికి వచ్చేసింది. ఫోను నేలమీద పళ్ళెం పక్కన ఉండిపోయింది. ఒకరి తరవాత ఒకరు ఏదో పంపుతున్నట్టున్నారు, అది గురగురమంటూ పళ్ళేనికి తగిలి సన్నగా మోగుతోంది. సత్యవేణి దానివైపు చూడ్డమే తప్ప అందుకోవడానికి లేదు.

చెప్పవలసిందంతా చెప్పి, చివరికి అడిగింది. "తప్పు చేసినవాళ్ళని తీసెయ్యకపోతే గ్రూపు ఎలా నిలుస్తుందండీ పెద్దమ్మగారూ?"

సువార్తమ్మగారు నాలుగు చుట్లు చుట్టాక, "ఆ తీసేసిన తొమ్మిదిమందీ ఇప్పుడేం అల్లుతున్నారే?" అంది.

సత్యవేణి తనకు తెలీదంది. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు, ఆ సంగతి మాత్రం పైకి అనలేదు.

"తెలీదు కదా. నాకూ ఒకదాని సంగతి తెలీదు" అని ఆవిడ దారం లాక్కుంటూ ముచ్చట ఎత్తుకుంది.

అది నలభై ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పటికి సువార్తమ్మగారికి ఇరవై ఎనిమిది. పిల్లలకి లేసు నేర్పుతూ అతుకుపని చేసేది. అంటే పిల్లలు విడివిడిగా అల్లి తెచ్చిన పువ్వుల్ని ఒకదానికొకటి అతికి పెద్ద గుడ్డ చేయడం. ఇదే అరుగు మీద పధ్నాలుగుమంది ఆడపిల్లలు వరసగా కాళ్ళు చాపుకుని, ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుని అల్లుతూ ఉండేవారు. ఎవరి లెక్క వాళ్ళు పైకే పెట్టుకునేవారు. ఒకతి పదకొండు అంటే ఒకతి నలభై మూడు అనేది, దూరం నుంచి వింటే చింతచెట్టు మీద చిలకలు చేరినట్టుండేది. ఆ లెక్కలో ఉండగా ఇంటికి పెద్ద ఆఫీసరొచ్చినా గొలుసు పూర్తయ్యేదాకా ఒక్కతీ తలెత్తేది కాదు. శనివారం నాడు అల్లినవన్నీ కుంకుడు రసంలో ఉతికి, సగ్గుబియ్యం గంజిలో ముంచి, మంచం పట్టెలకి గుండుసూదులతో బిగించి ఆరేసేవారు. ఆ గంజి వాసన వస్తే వీధిలోవాళ్ళు, అమ్మయ్య, రేపు ఆదివారం అనుకునేవారట. ఇదంతా చెప్తున్నప్పుడు సువార్తమ్మగారి వేళ్ళు నెమ్మదించాయి. సత్యవేణికి కూడా, తను చూసిన అరుగు వేరైనా, ఆ వాసన ముక్కుకి తగిలినట్టయింది.

ఆ పధ్నాలుగుమందిలో గంగాభవాని ఒకతి. పదహారేళ్ళ పిల్ల. దానిది బిగుతు చెయ్యి. లేసుపనిలో ఎవరి చెయ్యి వాళ్ళదే. ఒకే సూది, ఒకే దారం, ఒకే లెక్క ఇచ్చినా బిగుతు చేతి పువ్వు చిన్నగా గట్టిగా వస్తుంది, వదులు చేతి పువ్వు వెడల్పుగా జాలీలా వస్తుంది. అందుకే ఒక గుడ్డలో పువ్వులన్నీ ఒకే చేతివి ఉండాలని నియమం. గంగాభవాని అప్పుడొక పెద్ద బల్లగుడ్డ అల్లుతోంది. వరసకి ఎనిమిది చొప్పున ఎనిమిది వరసలు. మొత్తం అరవై నాలుగు పువ్వుల్లో అరవై అయిపోయాయి, ఒక మూల నాలుగు మిగిలాయి.

దాని పక్కన దయమ్మ అనే కొత్తపిల్ల కూర్చునేది. దయమ్మది వదులు చెయ్యి. మూడునెలలుగా నేర్చుకుంటున్నా పువ్వు తీరుగా రావడం లేదు. ఒకరోజు గంగాభవాని ఆ పిల్ల చేతిలో పువ్వు లాక్కుని, పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకుని, పిండి జల్లించుకుందాం రండర్రా అంది. పిల్లలంతా పడిపడి నవ్వారు. దయమ్మ తలొంచుకుంది.

ఆ రోజుల్లో ఈ అరుగుకి ఒక శిక్ష ఉండేది. తప్పు చేసినవాళ్ళు ఎనిమిదిరోజులు మెట్టు దిగి కింద కూర్చోవాలి, సూది ముట్టుకోకూడదు. నేర్పే మనిషి, అందులోనూ వయసులో ఉన్న మనిషి, తన మాట చెల్లాలని ఉంటుంది. సువార్తమ్మగారు మెట్టు చూపించింది. గంగాభవాని సూది కొప్పులో గుచ్చుకుని మెట్టు దిగి, అందరికీ వీపు పెట్టి సాయంత్రందాకా కూర్చుంది. మర్నాడు రాలేదు.

"ఎనిమిదిరోజులయ్యాక అదే వస్తుందనుకున్నాను" అంది సువార్తమ్మగారు. "అది రాలేదు. నేను పిలవలేదు."

సత్యవేణి చేతులు కాస్త దించబోయింది. ఆవిడ చిలప సర్ది మళ్ళీ పైకి లేపింది.

మిగిలిన నాలుగు పువ్వులకి ఏముందిలే, ఎవరో ఒకరు అల్లుతారు అనుకుంది ఆవిడ. పిల్లల్లో కాస్త బిగుతుగా అల్లే వాళ్ళందరి చేతా అల్లించింది. తనూ అల్లింది. ఎవరు అల్లినా బియ్యపుగింజ మేర పెద్దదయ్యేది. బియ్యపుగింజే కదా అని అతికితే, గంజి పెట్టి ఆరేసేసరికి ఆ మూల అప్పడం వేగినట్టు ఉబ్బేది. విప్పింది, మళ్ళీ అతికింది. మళ్ళీ విప్పింది. లేసు తీసుకెళ్ళే ఏజెంటు వచ్చి, మూల లేని గుడ్డ ఎవరికమ్మా అని వదిలేసి పోయాడు.

దయమ్మ చెయ్యి మాత్రం ఆ వారం లోపలే తీరింది. ఎలా తీరిందో సువార్తమ్మగారికి అర్థం కాలేదు. తన భయంవల్లే అనుకుని కొంచెం గర్వపడింది కూడా. నాలుగేళ్ళ తరవాత దయమ్మ పెళ్ళిలో, గోరింటాకు పెడుతుంటే, మాటల్లో ఆ పిల్ల బయటపెట్టింది. మెట్టు దిగిన రోజు మధ్యాహ్నం తను మంచినీళ్ళకి కిందికి వెళ్తే, గంగాభవాని తలెత్తకుండానే ఒక్క మాట అందట. నీ చెయ్యి వదులే, ఆ సూది నీకు లావు, సన్నసూది పట్టుకో, అని. మూడునెలలు కళ్ళెదుట కూర్చోబెట్టుకుని నేర్పిన మనిషికి కనపడనిది, వెక్కిరించిన పిల్లకి కనపడింది.

"దాని నోట్లో ముల్లుంది, నిజమే" అంది ఆవిడ. "మందు కూడా దాని దగ్గరే ఉంది. నేను ముల్లు చూసి మందు కూడా పారబోసుకున్నాను."

ఆ తరవాత ఎన్నాళ్ళకో ఒకసారి రేవులో పంటు పడవ దిగుతూ గంగాభవాని కనపడింది. నెత్తిన ఎండుచేపల గంప. జుట్టు సగం నెరిసింది. గంప కింద, కొప్పులో, లేసు సూది అలాగే ఉంది. ఏం అడగాలో తోచక సువార్తమ్మగారు, లేసు అల్లుతున్నావే భవానీ అని అడిగింది. గంగాభవాని కోపంగా కాదు, మామూలుగానే చెప్పింది.

"ఎక్కడ కూర్చుని అల్లనండీ?"

చెప్పేసి గంప సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ కనపడలేదు.

చిలప ఇంకా నాలుగైదు చుట్లుంది. ఫోను గురగురమనడం ఎప్పుడు ఆగిందో సత్యవేణి గమనించలేదు. సువార్తమ్మగారు ఆ కాస్త దారం కూడా చుట్టేసి, లోపలికి వెళ్ళి పెట్టె తీసి, పాతచీరలో చుట్టిన బల్లగుడ్డ తెచ్చి అరుగుమీద పరిచింది. ఎండుమల్లె రంగుకి తిరిగింది గుడ్డ. అరవై పువ్వులు వరసగా, అచ్చులో పోసినట్టున్నాయి. ఒక మూల నాలుగు పువ్వుల మేర ఖాళీ. ఆ ఖాళీలోంచి అరుగు గచ్చు కనపడుతోంది. ఆవిడ ఉండ బుట్టలో వేసి, కాఫీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్ళింది.

సత్యవేణి ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. తన చిన్నప్పుడు ఈ అరుగు మీద మెట్టు దిగడమనే మాటే వినలేదు. తమకున్న పద్ధతి ఒకటే. వంకపెట్టినవాళ్ళే పక్కన కూర్చోవాలి. ఎవరి పని చూసి ఎవరు నవ్వితే, ఆ వారమంతా నవ్వినది నవ్వులపాలైనదాని పక్కన కూర్చుని, అది తీరుగా వచ్చేదాకా చూడాలి. తను కూడా ఒకసారి అలా ఎవరి పక్కనో మొహం మాడ్చుకుని కూర్చుంది. మూడోరోజుకి ఇద్దరూ ఒకే ఉప్పుమామిడికాయ కొరుక్కున్నారు. చేతులు కడుక్కోకుండా దారం ముట్టుకున్నందుకు ఇద్దరికీ కలిపి చీవాట్లు పడ్డాయి. అదంతా లోకంలో ఉండే మామూలు పద్ధతే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ పద్ధతి ఎవరు ఖాళీ చేసిన చోట్లోంచి వచ్చిందో ఈవేళే తెలిసింది. మరి నోటుపుస్తకంలో నియమాలు రాసుకున్న రోజున అది తనకెందుకు గుర్తురాలేదో సిగ్గేసింది.

ఫోను తీసుకుని మెట్టు దిగి, ఆ మెట్టు మీదే కూర్చుని ఝాన్సీకి చేసింది. గ్రూపులో ముప్ఫై ఏడు మాటలు ఎదురుచూస్తున్నాయి, వాటిని తెరవలేదు.

"ఝాన్సీ, నేను సత్యవేణిని."

"తెలుసండి. తీసేశారా?"

"లేదు. ఒకటి అడుగుదామని చేశాను. మామ్మ పువ్వు వలలాగ ఎందుకొచ్చిందంటావు?"

ఇదేదో వల పన్నడమేమోనని ఝాన్సీ తూచుకున్నట్టుంది. తరవాత మెల్లిగా, "సూది లావండి. ఆవిడది వదులు చెయ్యి. సన్నసూది పట్టుకుంటే తీరిపోద్ది. ఫొటో చూడగానే తెలిసిపోయింది" అంది.

"మరి ఆ మాటే అనలేకపోయావా?"

"నాకెవరూ అలా చెప్పలేదండి. మా అత్తగారు నాది చూసి నవ్వేది. నేనే ఏడ్చుకుని ఏడ్చుకుని కనిపెట్టుకున్నాను."

సత్యవేణి అరుగు పద్ధతి చెప్పింది. వంకపెట్టినవాళ్ళే పక్కన కూర్చోవాలని, ఫోనులోనే అయినా సరే రోజూ ఒక గంట వారంరోజులు మామ్మ పక్కన కూర్చోవాలని చెప్పింది. ఆవిడ నాతో మాట్లాడుద్దా అని ఝాన్సీ అడిగింది. మాట్లాడకపోతే మళ్ళీ చెయ్యి అంది సత్యవేణి. ఫోను పెట్టేశాక, మనిషితో అంతసేపు మాట్లాడింది తనేనా అనిపించింది.

దీపాలవేళకి గ్రూపులో తన నిర్ణయం చెప్పింది. ఝాన్సీని తియ్యడం లేదని, ఆ పిల్ల మామ్మకి పని చూపిస్తుందని, నవ్వు బొమ్మలు పెట్టిన పదిహేనుమందీ కూడా తలా ఒక కొత్తపిల్ల పక్కన కూర్చోవాలని. ఆ తరవాత ఆరుగురు వెళ్ళిపోయారు. అందులో ఇద్దరు సత్యవేణికి దగ్గరివాళ్ళే. ఒకావిడ పోతూ పోతూ, నీకు చేతకాదని ముందే తెలుసు వేణీ అని గొంతు పంపింది. సత్యవేణి దాన్ని రెండుసార్లు విని, చెరిపెయ్యకుండా ఉంచుకుంది.

పల్లాలమ్మ మొదటి రెండురోజులూ ఝాన్సీ ఫోను ఎత్తలేదు. మూడోరోజు ఎత్తి, తిట్టవలసినవన్నీ తిట్టింది. ఝాన్సీ ఊఁ కొడుతూ కూర్చుందట. తిట్లు అయిపోయాక, ఏదో సూదన్నావంటగా, ఏ సూదే అది, అని ఆవిడే అడిగింది. పదోరోజున గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. రెండు పువ్వులు పక్కపక్కన. కింద ఝాన్సీ గొంతు.

"ఎడంపక్కది మామ్మది. కుడిపక్కది నాది. నాదే కొంచెం బిగిసింది."

ఎవరూ నవ్వు బొమ్మ పెట్టలేదు. కాసేపటికి పల్లాలమ్మ గొంతు వచ్చింది. ఆవిడ గ్రూపులో మాట్లాడ్డం అదే మొదలు. "ఈ పిల్ల నోరు చింతకాయే గానీ చెయ్యి బెల్లమర్రా" అంది. వెనకాల మనవరాలు నవ్వడం వినపడింది. ఆ రోజు సాయంత్రంలోగా పదకొండు ఫొటోలు వచ్చాయి. తీరుగా ఉన్నవీ ఉన్నాయి, సగంలో ఆగిపోయినవీ ఉన్నాయి, ఎక్కడ తప్పిందో చెప్పండర్రా అని అడుగుతున్నవీ ఉన్నాయి.

సత్యవేణి తన నోటుపుస్తకంలో ఆ తొమ్మిదిమంది పేర్లూ వెతికి తీసి ఒక్కొక్కళ్ళకీ ఫోను చేసింది. నలుగురు వచ్చారు. ఇద్దరు దులిపి వదిలిపెట్టారు, ఆమె మాట్లాడకుండా విన్నది. ఒకావిడ లేసు మానేసి బట్టల కొట్లో పనికి వెళ్తున్నానంది, మానేసింది ఎప్పుడో చెప్పమంటే, మీరు తీసేసిన నెలే అంది. ఒకావిడ ఎత్తలేదు. చివరి నెంబరుకి చేస్తే, ఆ నెంబరు వాడుకలో లేదని ఎవరిదో గొంతు చెప్పింది. సత్యవేణి దాన్ని మళ్ళీ మళ్ళీ చేసి చూసింది. ఆ మనిషి తప్పు ఏమిటో గుర్తు తెచ్చుకుంటే, రోజూ పొద్దున్నే పూలబొమ్మ పంపడమే.

నెల తిరిగాక ఆమె మళ్ళీ అరుగు మీదికి వెళ్ళింది. చేతులు కడుక్కుంది, చాపింది. జరిగిందంతా చెప్పింది. సువార్తమ్మగారు వింటూ ఉండ చుట్టింది. చిలప అయిపోయాక సత్యవేణి సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసింది. అందులో, బల్లగుడ్డ పువ్వు లెక్క చెప్తే ఝాన్సీ అల్లిన పువ్వుంది. లంకనుంచి ఎవరో వస్తుంటే ఇచ్చి పంపింది. పెద్దమ్మగారి బల్లగుడ్డ ఒక్కసారి తెస్తారా అని అడిగి తెప్పించుకుని, మూల ఖాళీలో ఆ పువ్వు పెట్టింది. గింజ మేర కూడా తేడా లేదు. పక్కపువ్వు అంచుకి అంచు తగిలి, అక్కడే పుట్టినట్టు కూర్చుంది. నలభై ఎనిమిదేళ్ళ తరవాత దొరికిన చెయ్యి. సత్యవేణికి సంతోషంతో మాట తడబడింది. ఇంకో మూడు అల్లించి తెస్తానని, మీరు అతికితే గుడ్డ పూర్తవుతుందని, మీ కళ్ళతో చూసుకోవచ్చని చెప్పింది.

సువార్తమ్మగారు వంగి, చూపు ఆనక వేళ్ళతో తడిమి చూసింది. పువ్వు చుట్టూ, అంచుల చుట్టూ, చాలాసేపు. ఆ తరవాత పువ్వుని జాగ్రత్తగా పైకి తీసి, మళ్ళీ కాగితంలో పెట్టి, సత్యవేణి చేతిలో ఉంచింది.

"మంచి చెయ్యి. ఆ పిల్లచేత కొత్త గుడ్డ మొదలుపెట్టించు" అంది. బల్లగుడ్డని పాతచీరలో మడతపెడుతూ, మూల దగ్గరికి వచ్చేసరికి ఆగి, అరచేత్తో ఆ ఖాళీని ఒకసారి నిమిరింది.

"ఇది గంగాభవాని కూర్చునే చోటే."